నలుపు కనిపిస్తే విలనేనా? బొమ్మల సినిమాల రంగుల మీద మన మాట



పోస్టు పొడుగ్గా ఉంది. బస్సులో ఉన్నోళ్లు సేవ్ చేసుకుని రూముకెళ్లాక చదవండి. లైక్ కొట్టి పోవడం కాదు. చివర్లో ఒక పని అప్పజెప్పాం, అది చెయ్యాలి.

ముందు జరిగింది చెప్తాం. పోయిన కార్తీకంలో కారంపూడి వీరుల తిరునాళ్లకి మన హాస్టల్ పిల్లలం ఆరుగురం పోయాం. ఈ ప్రాంతం కానివాళ్ల కోసం రెండు ముక్కలు. కార్తీక అమావాస్యకి మొదలై అయిదు రోజులు జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పల్నాటి యుద్ధంలో పడిపోయిన వీరుల ఆయుధాలను, కొణతాలు అంటారు, వాటిని ఎత్తుకుని నాగులేరుకి తీసుకుపోతారు. మేము పోయింది కోడిపోరు నాడు.

వీర్లగుడి పక్కన టీ కొట్టు కాడ నలుగురు కుర్రాళ్లు లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఏదో ఊళ్లో యానిమేషన్ కోర్సు చదువుతున్నారంట. పల్నాటి కథ మీద పది నిమిషాల బొమ్మల సినిమా తీయాలని వచ్చారు. మర్యాదస్తులే. మాకు టీ ఇప్పించి, వేసిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూపించారు. బ్రహ్మనాయుడి వైపు అంతా పసుపు, బంగారం. నాగమ్మ వైపు ముదురు ఊదా, నలుపు. బాలచంద్రుడి వెనక ఎర్రటి ఆకాశం. బాగా వేశారు, అబద్ధం ఎందుకు.

ఆఖరి పేజీలో "అడవి మూక" అని రాసి ఉంది. ముప్పై మంది దాకా ఉన్నారు, అందరికీ ఒకటే మొహం. ఒంటికి బొగ్గు రంగు, కళ్లు మాత్రం పసుపు. మగాళ్ల నడుముకి ఆకులు, తలకి ఈకలు. ఆడోళ్లకి అద్దాల రవికలు.

మాతో వచ్చిన చెల్లెలు అడిగింది. "అన్నా, వీళ్లెవరు?"

"ట్రైబల్స్ అమ్మా."

"ఏ ట్రైబల్స్?"

ఆ అబ్బాయి నవ్వాడు. "జనరల్‌గా ట్రైబల్స్."

ఈ పోస్టు ఆ "జనరల్‌గా" అన్న మాట మీద.

చెల్లెలు ఊరుకోలేదు. "ఆ అద్దాల రవిక మా నాయనమ్మదన్నా. దాన్ని కాంచళి అంటారు. మా వాళ్లు మొఘల్ దండులకి ఎద్దుల మీద ధాన్యం మోస్తా దక్కనులో తిరిగిన కాలం 17వ శతాబ్దం. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం. మధ్యలో అయిదొందల ఏళ్లు. ఆ ఈకలు అమెరికా సినిమాల్లోవి. ఆ ఆకులు ఎవరివో మీకే తెలియాలి" అంది. ఆ అబ్బాయి మొహం మాడిపోయింది. "అంత డీటెయిల్ ఎవరు చూస్తారమ్మా, కార్టూనే కదా" అన్నాడు.

కార్టూనే కదా! ఈ మాటకి అక్కడ మేము సరైన జవాబు ఇవ్వలేకపోయాం. ఇప్పుడు ఇస్తన్నాం.

మొదట, బొమ్మల సినిమాలో రంగు ఏం పని చేస్తుందో తెలుసుకుందాం. మామూలు సినిమాలో కెమెరా ముందు చెట్టు ఉంటే చెట్టు పడుతుంది. బొమ్మల సినిమాలో ఎవరో ఒకరు నిర్ణయించకుండా ఆకు కూడా పచ్చగా ఉండదు. తెర మీద ఉన్న ప్రతి రంగూ ఒకరు కావాలని పెట్టిందే. కథ పూర్తిగా రాయకముందే కొందరు కూర్చుని ఊరు ఎట్లా ఉండాలి, మనిషి ఎట్లా ఉండాలి, వెలుతురు ఏ వైపు నుంచి రావాలి అని బొమ్మలు వేస్తారు. అది కాన్సెప్ట్ ఆర్ట్. తర్వాత సినిమా మొత్తాన్నీ చిన్న చిన్న రంగుల పెట్టెలుగా ఒక వరసలో పేరుస్తారు. ఎక్కడ సంతోషం, ఎక్కడ భయం, ఎక్కడ చావు అన్నది ఆ వరస చూస్తేనే తెలిసిపోతుంది. దాన్ని కలర్ స్క్రిప్ట్ అంటారు. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ'కి కళాదర్శకుడైన రాల్ఫ్ ఎగిల్‌స్టన్ ఈ పనిలో పేరుమోసినవాడు. 2015 నాటి 'ఇన్‌సైడ్ అవుట్'లో సంతోషం పసుపు, దుఃఖం నీలం, కోపం ఎరుపు, భయం ఊదా, అసహ్యం ఆకుపచ్చ. మూడేళ్ల పిల్లకి కూడా మాట అర్థం కాకముందే ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

అదీ సంగతి. మాటకి ఎదురుమాట చెప్పొచ్చు. రంగుకి చెప్పలేం. అది మెదడుని అడగకుండా లోపలికి పోతుంది. పిల్లోడు ఆలోచించి భయపడడు, భయపడ్డాక ఆలోచిస్తాడు. ఇరవై ఏళ్లు వచ్చాక వాడు తన క్లాసులో నల్లగా ఉన్న చెంచు పిల్లోడి పక్కన కూర్చోడానికి ఎందుకో జంకుతాడు. ఎందుకో వాడికీ తెలియదు. కార్టూనే కదా!

ఇప్పుడు మన తెలుగు నేల మీదకి వద్దాం.

2015 జూలై 10న 'బాహుబలి' వచ్చింది. మనలో అది చూడనోళ్లు లేరు, మేమూ ఈలలు వేసినోళ్లమే. అది బొమ్మల సినిమా కాదు, నిజమే. కానీ ఆ కోటలు, జలపాతం, యుద్ధభూమి చాలావరకు మొదట కాన్సెప్ట్ ఆర్ట్‌గా పుట్టి తర్వాత కంప్యూటర్లో లేచినవే. పైగా అదే ప్రపంచం మీద 2017లో, మళ్లీ 2024లో యానిమేషన్ సిరీస్‌లు వచ్చాయి. మాహిష్మతికి బంగారు రంగు ఇచ్చారు. కాలకేయులకి ఏమిచ్చారు? ఒళ్లంతా నల్లరంగు పూసి, మట్టి పులిమి, పళ్లు పాడుచేసి, ఒక పెద్ద మంద చేసి వదిలారు. అందులో ఒక తల్లి లేదు, ఒక పిల్ల లేదు, ఒక ఇల్లు లేదు. వాళ్ల కోసం 'కిలికి' అని భాష కూడా పుట్టించారు. సుమారు 750 పదాలు, వ్యాకరణం కూడా ఉందని గొప్పగా చెప్పుకున్నారు. లేని తెగకి భాష చేసిపెట్టే ఓపిక ఉంది. గోండి, కోయ, సవర, ఎరుకల, గోర్ బోలి, ఇన్ని నిజమైన భాషలు మాట్లాడే మనుషులు పక్కనే ఉన్నారు కదా, వాళ్ల ఒంటిరంగు ఎవరి మీద పూస్తన్నామో ఒక్కసారి అడిగే ఓపిక లేదు. కాలేజీలో మన పిల్లల్ని "ఏరా కాలకేయా" అని పిలిచినప్పుడు ఆ సినిమా తీసినవాళ్లు వచ్చి ఆపుతారా?

బొమ్మల దగ్గరే చూద్దాం. 2008 నుంచి మన తండాల్లో, గూడేల్లో టీవీ ఉన్న ప్రతి ఇంట్లో ఛోటా భీమ్ ఆడింది. మన హైదరాబాద్‌లో పుట్టిన బొమ్మే, తెలుగువాడి స్టూడియోదే, గర్వంగానే ఉంది. కానీ అందులో ఎప్పుడూ ఓడిపోయే, ఎప్పుడూ అసూయపడే పిల్లోడి పేరు ఏంది? కాలియా. హిందీలో ఆ పేరు నలుపు నుంచే వచ్చింది. పేరు పెట్టినోళ్లకి చెడు ఉద్దేశం ఉందని మేము అనం. ఉద్దేశం లేకుండానే నోటికి ఆ పేరు వచ్చిందంటే, జబ్బు ఇంకా లోతుగా ఉందని అర్థం.

ఇక్కడ కొంతమంది పెద్దలు వాదిస్తారు. "పురాణాల్లోనే అసురులు నల్లగా ఉంటారు, అది సంప్రదాయం" అని. సరే, అదే సంప్రదాయంలో రాముడు నల్లనివాడు కాదా? కృష్ణుడి పేరుకి అర్థమే నలుపు కాదా? నీలమేఘశ్యాముడు అంటే వాన మబ్బు రంగువాడు. మరి తెర మీదకి వచ్చేసరికి ఏమైంది? తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా 'లవకుశ', 1963. అప్పటి నుంచి ఇప్పటి బొమ్మల దాకా దేవుడి నలుపుని కడిగి లేత నీలం చేశారు. రాక్షసుడి నలుపుని మాత్రం ఇంకా దట్టించారు. ఒకే నలుపు, రెండు న్యాయాలు. ఇది సంప్రదాయం కాదు, ఎంపిక. ఎంపిక అయితే దాన్ని మార్చమని అడగొచ్చు.

ఇంకోటి. 2025 జూలైలో 'మహావతార్ నరసింహ' వచ్చి తెలుగు రాష్ట్రాల థియేటర్లు నింపింది. యానిమేషన్ పిల్లలకే అన్న మాట ఆ రోజుతో పోయింది. ఇకపై ఇలాంటివి వరసగా వస్తాయి. అది ప్రహ్లాదుడి కథ, వాళ్ల ఇష్టం. కానీ మన నల్లమల చెంచులకి నరసింహుడు ఎవరు? బావ. చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడు. అహోబిలంలో పారువేట ఉత్సవం మొదలయ్యేటప్పుడు చెంచులు స్వామి పల్లకి మీదకి బాణాలు వేస్తారు. అది చుట్టరికపు మర్యాద. ఆ నరసింహుడికి ఏ రంగు? ఎర్రటి కోపమా, లేక ఇప్పపూల కాలంలో నల్లమల రంగా? ఆ కలర్ స్క్రిప్ట్ చెంచు పిల్లలు తప్ప ఎవరు రాయగలరు? 'చెంచులక్ష్మి' పేరుతో 1943లో ఒకటి, 1958లో ఒకటి సినిమాలు వచ్చాయి. రెండింట్లోనూ చెంచు పిల్లగా వేసింది చెంచు పిల్ల కాదు.

"మీరు ప్రతిదానికీ గొడవ పెడతారు, కళాకారుడికి స్వేచ్ఛ వద్దా" అనేవాళ్లకి ఒక మనిషి కథ చెప్తాం. టైరస్ వాంగ్ అని చైనాలో పుట్టి, చిన్నప్పుడే తండ్రితో అమెరికా చేరిన పేద పిల్లోడు. డిస్నీలో కింది స్థాయి పనిలో చేరాడు. అప్పుడు 'బాంబి' అనే జింకపిల్ల సినిమా తీస్తన్నారు. అడవిని ప్రతి ఆకూ గీసి నింపేస్తే జింక కనపడకుండా పోతంది. ఇతను తన దేశపు పాత కొండల బొమ్మల పద్ధతిలో, ఆకులు లెక్కపెట్టకుండా, మంచు, వెలుతురు, రంగు మరకలతో అడవిని వేసి చూపించాడు. 1942లో వచ్చిన ఆ సినిమా రూపమంతా ఆ బొమ్మల మీదే నిలబడింది. పేర్లలో మాత్రం అతన్ని మామూలు బ్యాక్‌గ్రౌండ్ చిత్రకారుల్లో ఒకడిగా వేశారు. సినిమా బయటికి రాకముందే, 1941 సమ్మె తర్వాత, ఉద్యోగం పోయింది. కంపెనీ అతన్ని 'లెజెండ్' అని గౌరవించింది 2001లో. 2016లో చనిపోయేనాటికి అతనికి 106 ఏళ్లు.

ఈ కథలో రెండు పాఠాలు ఉన్నాయి. ఒకటి: బయటి నుంచి వచ్చినవాడి కన్ను లేకపోతే ఆ అడవి పుట్టేదే కాదు. రెండు: కన్ను వాడుకుంటారు, పేరు ఇవ్వరు. రెండూ మనకి వర్తిస్తాయి.

అదే కంపెనీ 1953లో 'పీటర్ పాన్'లో అమెరికా మూలవాసుల్ని ఎర్రరంగు పూసి నవ్వులాటకి పెట్టింది. దశాబ్దాల తర్వాత, 2020లో, ఆ సినిమా ముందు "ఇందులో జాతుల్ని తప్పుగా చూపించాం" అనే అర్థంలో హెచ్చరిక వేసుకోవాల్సి వచ్చింది. 2016లో 'మోనా' విడుదలకి ముందు, మావి అనే వీరుడి వేషం అని చెప్పి పిల్లలు తొడుక్కునే గోధుమరంగు ఒంటి చొక్కా అమ్మకానికి పెట్టింది. మా చర్మం తొడుక్కునే గుడ్డ కాదు అని పసిఫిక్ దీవులవాళ్లు తిరగబడ్డారు. కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. 2019లో 'ఫ్రోజెన్ 2' తీసేటప్పుడు ఉత్తర ఐరోపాలో ఉండే సామీ మూలవాసుల పార్లమెంట్లతో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, వాళ్ల సలహాదారుల్ని కూర్చోబెట్టుకుని, ఆ సినిమాని సామీ భాషలో కూడా విడుదల చేసింది.

వాళ్లకి ఉన్నట్టుండి జ్ఞానోదయం అయిందా? కాలేదు. జనం అడిగారు, గొంతెత్తారు, అందుకే అయింది. అడగనోడికి అమ్మయినా అన్నం పెట్టదంటారు. కంపెనీ పెడతదా?

ఇప్పుడు వేలు మన వైపు తిప్పుకుందాం. తిట్టడం వాళ్లనే తిడితే ఈ పోస్టు రాయక్కర్లేదు.

కాలేజీ ఫెస్ట్‌లో "ట్రైబల్ డ్యాన్స్" అనగానే ఆకులు కట్టుకుని, మొహానికి నల్లరంగు పూసుకుని, అర్థంలేని కేకలు వేసింది ఎవరు? మనలో కొందరమే. చప్పట్లు వచ్చాయి కదా అని సంతోషపడ్డాం. పెళ్లి ఫొటోలకి ఫిల్టర్ పెట్టి మన అక్కచెల్లెళ్లని సున్నం కొట్టినట్టు తెల్లగా చేస్తంది ఎవరు? మన సంఘం పోస్టర్ల కోసం ఏఐ యాప్‌లో "గిరిజన అమ్మాయి" అని టైప్ చేసి, ఈకలతో వచ్చిన బొమ్మని అట్లాగే డీపీ పెట్టింది ఎవరు? మొన్న మేమే పెట్టాం. ఒక పెద్దాయన ఫోన్ చేసి "ఇది ఏ తండా పిల్ల బిడ్డా?" అని అడిగితే సిగ్గుతో తీసేశాం. ఆ యంత్రం కూడా "జనరల్‌గా" వేసింది. మనం వేసి పెట్టిన బొమ్మలు దాని దగ్గర లేవు కాబట్టి పక్కోళ్లు వేసినవే కలిపి ఇస్తంది.

మనకి రంగు తెలియదా? మన దగ్గర ఉన్నంత రంగు ఎవరి దగ్గర ఉంది? లంబాడీ ఫేటియా మీద ఎరుపు పక్కన నీలం, మధ్యలో అద్దం, అంచున గవ్వ. ఎండలో నడిచే మనిషి అల్లంత దూరం నుంచే కనపడాలని అన్నట్టుంటుంది ఆ కూర్పు. సవరల గోడ మీద ఎర్రమన్ను పూత, దాని మీద తెల్లని పిండి గీతలు. ఆ రెండు రంగులతోనే మనుషులు, పితృదేవతలు, ఏనుగులు, చెట్లు ఒకే గోడ మీద బతుకుతాయి. కోయల పడిగె గుడ్డ మీద ఇలవేల్పుల కథ బొమ్మలుగా ఉంటుంది. డోలీ కళాకారులు డోలు కొడుతూ దాన్ని పాడతారు. ఆ డోలు పట్టిన సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. గుడ్డ మీద బొమ్మలు వరసగా పెట్టి, రంగుతో గుర్తుపట్టించి, పాటతో కథ నడిపించడం అంటే ఏంది మరి? టాయ్ స్టోరీ వాళ్లకంటే ఎంతో ముందే మన తాతలు ఆ పని చేశారు. పేరు మాత్రం ఇంగ్లీషులో వాళ్లు పెట్టుకున్నారు.

గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్ లండన్ పోయి పని చేసి వచ్చి 'ది లండన్ జంగిల్ బుక్' వేశాడు. 2004లో చెన్నైలోని తారా బుక్స్ వేసిన పుస్తకం. బిగ్ బెన్ గడియారాన్ని పొద్దున్నే లేపే కోడిపుంజుగా వేశాడు. భూమి కింద రైలుని పెద్ద వానపాముగా వేశాడు. చీకటి పడగానే తాగడానికి బయటికొచ్చే ఇంగ్లీషు వాళ్లని గబ్బిలాలుగా వేశాడు. ఎంత బాగుంది! ఇన్నేళ్లు వాళ్లు మనల్ని చూసి వేశారు, ఈయన వాళ్లని చూసి వేశాడు. కానీ ఒక్క తేడా గమనించండి. ఆయన ఎవర్నీ "మూక" అని వేయలేదు. ప్రేమగా వేశాడు. అడవి మనిషి సంస్కారం అది.

కాబట్టి సినిమా వాళ్లకి, బొమ్మలు వేసేవాళ్లకి, ఆ కారంపూడి టీ కొట్టు తమ్ముళ్లకి కూడా మేము చెప్పేది ఇది.

ఒకటి. "జనరల్‌గా ట్రైబల్స్" అనేవాళ్లు ఎక్కడా లేరు. చెంచులు ఉన్నారు, సుగాలీలు ఉన్నారు, యానాదులు, ఎరుకలవాళ్లు ఉన్నారు. పేరు పెట్టి వేయండి. పేరు పెట్టలేకపోతే వేయొద్దు.

రెండు. ఒక జనం మొత్తానికి ఒకే రంగు, ఒకే మొహం పెట్టొద్దు. మంచోడికి వెలుతురు, చెడ్డోడికి మన ఒంటిరంగు అనే సులువు దారి మానండి. చెడ్డతనం చూపించడానికి నీడ ఉంది, చలి రంగు ఉంది, ఖాళీ చోటు ఉంది. మా చర్మమే దొరికిందా?

మూడు. బొమ్మ పూర్తయ్యాక "ఎట్లా ఉంది" అని అడగడం సంప్రదింపు కాదు. మొదటి గీత గీసేటప్పుడు పిలవండి. పనికి డబ్బులివ్వండి. తెర మీద పేరు వేయండి.

పల్నాటి కథ తీసే ప్రతి ఒక్కరికీ ఇంకో ప్రశ్న. బ్రహ్మనాయుడు కొడుకుగా పెంచుకుని సేనాని చేసిన మాల కన్నమదాసుని ఏ రంగులో వేస్తారు? కులాలన్నీ ఒకే చాప మీద కూర్చుని తిన్న చాపకూడు సన్నివేశానికి ఏ వెలుతురు పెడతారు? అంచున కూర్చున్నోడి మీద పడే వెలుతురూ, నడుమ కూర్చున్నోడి మీద పడే వెలుతురూ ఒకటేనా? ఒకటి కాకపోతే మీకు చాపకూడు అర్థం కాలేదు. కథంతా ఆ చాప మీదే ఉంది.

ఇక మన పని. ఇంట్లో కంప్యూటర్ లేదు, మనవల్ల ఏమవుతుంది అనొద్దు. 2025లో ఆస్కార్ గెలిచిన 'ఫ్లో' అనే బొమ్మల సినిమా లాట్వియా అనే చిన్న దేశం కుర్రాడిది. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీశారు. అందులో ఒక్క మాట కూడా లేదు. పిల్లి, నీళ్లు, వెలుతురు, రంగు, అంతే. ఇంటర్ అవుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇంజినీరింగ్, నర్సింగ్, డీఎస్సీ ఒక్కటే దారి కాదు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ యానిమేషన్ ఉంది. మన రాష్ట్రంలోనే జాతీయ డిజైన్ సంస్థ, ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది. డాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, కేంద్ర సంస్థ కాబట్టి ఎస్టీలకి 7.5 శాతం సీట్లు ఉంటాయి. ఆ సీట్లలో మన పిల్లలు కూర్చోవాలి. అప్లికేషన్ పెట్టాలనుకునేవాళ్లు గ్రూపులో చెప్పండి, దగ్గరుండి పెట్టిస్తాం.

అప్పజెప్పిన పని ఇదే. వచ్చే కార్తీక అమావాస్య లోపల ఈ గ్రూపులో ప్రతి ఒక్కరూ ఒక నోటుబుక్కు పేజీ తయారు చేయండి. మీ తండాలోనో, గూడెంలోనో, కాలనీలోనో పొద్దున, మధ్యాహ్నం, మునిమాపు, రాత్రి, నాలుగు పూటలకి నాలుగు రంగు పెట్టెలు వేయండి. క్రేయాన్లు చాలు, పసుపు, బొగ్గు, ఎర్రమన్ను అయినా చాలు. పక్కన మీ అమ్మ చెయ్యి రంగు వేయండి. నలుపు డబ్బా మూత తీసి పూయొద్దు. ఎండలో చూడండి, పొయ్యి వెలుగులో చూడండి. అందులో రాగి ఉంటది, తేనె ఉంటది, గోళ్ల కాడ గులాబీ ఉంటది. ఆ రంగుకి మీ భాషలో ఏ పేరుందో అమ్మనే అడిగి రాయండి.

ఆ పేజీలన్నీ కుట్టి వచ్చే తిరునాళ్లలో కోడిపోరు నాడు అదే టీ కొట్టు కాడ పెడతాం. ఆ నలుగురు అన్నలు మళ్లీ వస్తే ఈసారి టీ మేము ఇప్పిస్తాం. ఆఖరి పేజీ చింపేసి, మాతో కూర్చుని మొదటి పేజీ నుంచి మళ్లీ వేద్దాం రమ్మంటాం.

జై ఆదివాసీ. జై సేవాలాల్. జై భీమ్.